మేకల కాపరుల జ్వరాల్లో ప్లేట్‌లెట్లు: బ్రూసెల్లోసిస్‌కు ఆనవాలు అవుతాయా?

ప్రశ్న: గుణుపురం ల్యాబ్ టెక్నీషియన్

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో ఒక చిన్న రక్తపరీక్షా కేంద్రంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. పట్టణంలోని వారి రక్తంతో పాటు వంశధారకు అటూ ఇటూ ఉన్న తెలుగు, ఒడియా పల్లెల నుండీ, కొండమీది సవర గూడేల నుండీ కూడా మాకు నమూనాలు వస్తాయి. వానలు పడడం మొదలైన నాటి నుండి చలికాలం దాకా వచ్చే చీటీలన్నింటిమీదా దాదాపు ఒకటే మాట ఉంటుంది: జ్వరం. దానికి మేము చేసేదీ ఒకటే వరుస, అంటే మలేరియా కిట్, డెంగీ, టైఫాయిడ్‌కు చేసే వైడాల్, రక్తకణాలన్నిటినీ లెక్కపెట్టే సీబీసీ.

రెండు నెలల కిందట యాభై ఏళ్లు దాటిన ఒక గొల్ల కాపరి వచ్చారు. గంజాం జాతి మేకల మంద ఉన్న మనిషి. ఆరు వారాలుగా జ్వరం వస్తోంది, పోతోంది; రాత్రిళ్లు పక్క తడిసేంత చెమట పడుతోంది; నడుము పట్టేసి వంగలేకపోతున్నారు. మలేరియా రెండుసార్లూ లేదనే వచ్చింది, డెంగీ కూడా లేదు. వైడాల్‌లో ఏదో కొద్దిగా కనబడిందని టైఫాయిడ్ మందులు వాడారు. సీబీసీలో హిమోగ్లోబిన్ 10.2, తెల్లకణాలు 4,100, అందులో లింఫోసైట్లు 52 శాతం, ప్లేట్‌లెట్లు 92,000, వాటి సగటు పరిమాణం, అంటే మేము ఎం.పి.వి. అనేది, 12.3 ఫెమ్టోలీటర్లు. తరువాత ఒక డాక్టరు గారు అనుమానించి విశాఖపట్నం పంపిస్తే బ్రూసెల్లా యాంటీబాడీలను పట్టే రోజ్ బెంగాల్ పరీక్ష పాజిటివ్ వచ్చి, మేకలు, పశువుల నుండి మనుషులకు అంటుకునే బ్రూసెల్లోసిస్ అని తేలింది.

అప్పటి నుండి ఈ జబ్బు గురించి దొరికింది దొరికినట్టు చదువుతున్నాను. బ్రూసెల్లోసిస్‌లో ఎం.పి.వి. తగ్గుతుందనీ, వైద్యం తరువాత పెరుగుతుందనీ కొన్ని పరిశోధనల్లో ఉంది. నా దగ్గర మాత్రం వ్యవహారం తలకిందులుగా ఉంది. కాపరులని నాకు ముఖపరిచయం ఉన్నవారి పాత రిపోర్టులు తీసి చూస్తే, జ్వరంతో వచ్చిన వారిలో ఎం.పి.వి. పట్టణంవారి కంటే ఎక్కువగానే కనిపిస్తోంది. మా కేంద్రంలో బ్రూసెల్లా పరీక్ష లేదు, ఉన్నదల్లా ఒక సెల్ కౌంటరు. అందులో ఎలాగూ వచ్చే ఈ ప్లేట్‌లెట్ల అంకెలను చూసి, ఫలానా రోగిని బ్రూసెల్లా పరీక్షకు పంపండి అని డాక్టరుకు చెప్పగలిగే దారి ఏదైనా ఉందా? ఉంటే ఎంత అంకె దగ్గర గీత గీయాలి? పెరగడాన్ని నమ్మాలా, తగ్గడాన్ని నమ్మాలా?

జవాబు: బరంపురం, జనరల్ మెడిసిన్ వైద్యుడు

మంచి ప్రశ్న అడిగారు. అయితే గీత ఎక్కడ గీయాలి అన్న దానికి నా జవాబు, గీయవద్దు అనే. ఎందుకో చెబుతాను.

బ్రూసెల్లా అనేది కణాల లోపల, ముఖ్యంగా క్రిములను మింగే మాక్రోఫేజ్‌లలో, దాక్కుని బతికే సూక్ష్మజీవి. ఆ కణాలు దట్టంగా ఉండే చోట్లు ప్లీహం, కాలేయం, ఎముక మజ్జ. మనిషి ప్లేట్‌లెట్లలో మూడో వంతు మామూలుగానే ప్లీహంలో నిలవ ఉంటుంది. ప్లీహం వాచిపోతే ఆ వాటా బాగా పెరిగి, రక్తంలో తిరిగేవి తగ్గుతాయి. మజ్జలో గ్రాన్యులోమాలు, అంటే వాపు కణాల చిన్న ముద్దలు, ఏర్పడడం, అక్కడి మాక్రోఫేజ్‌లు రక్తకణాలనే మింగడం, ప్లేట్‌లెట్ల మీద యాంటీబాడీలు పుట్టడం, అరుదుగా రక్తనాళాల్లో చిన్న చిన్న గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు ఖర్చయిపోవడం, ఇవన్నీ కూడా సంఖ్యను కిందికి లాగేవే. మరోవైపు వాపు వల్ల పెరిగే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత పదార్థం కాలేయం చేత, ప్లేట్‌లెట్ల తయారీని పెంచే థ్రాంబోపోయిటిన్ హార్మోనును ఎక్కువగా తయారు చేయిస్తుంది, దాంతో మజ్జ మరిన్ని ప్లేట్‌లెట్లను వదులుతుంది. ఒకే జబ్బు ఒక చేత్తో తీసేస్తూ మరో చేత్తో పోస్తున్నప్పుడు, మిగిలిన లెక్క ఒక్కో రోగిలో ఒక్కో రకంగా తేలుతుంది. ఎక్కువ మందిలో అది 1,50,000 నుండి 4,50,000 అనే మామూలు హద్దుల్లోనే ఉంటుంది. కొందరిలో తగ్గుతుంది, కొందరిలో పెరుగుతుంది కూడా.

ఇక తగ్గినవారి సంగతి. మన జిల్లాల్లో ప్లేట్‌లెట్లు తగ్గించే జ్వరాలకు కొదవ లేదు: ఫాల్సిపారం మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్, అన్నీ ఆ పనే చేస్తాయి. ఊహకు ఒక లెక్క వేసుకోండి. ఇవి నిజమైన అంకెలు కావు. వెయ్యిమంది జ్వరపీడితుల్లో ఇరవైమందికి బ్రూసెల్లోసిస్ ఉందనుకుందాం. వారిలో నాలుగో వంతుకు, అంటే ఐదుగురికి, ప్లేట్‌లెట్లు తగ్గాయి. మిగతా 980 మందిలోనూ మలేరియా, డెంగీల పుణ్యమా అని నాలుగో వంతుకే, అంటే 245 మందికి, తగ్గాయి. ప్లేట్‌లెట్లు తగ్గిన 250 మందిని మీరు వేరుచేస్తే అందులో బ్రూసెల్లా ఐదుగురు. వేరుచేయక ముందూ నూటికి ఇద్దరే, చేసిన తరువాతా నూటికి ఇద్దరే. అంత శ్రమపడి మీరు సంపాదించిన కొత్త సమాచారం సున్నా.

మీ రోగి కాగితంలో నా చూపు ఆగింది ప్లేట్‌లెట్ల దగ్గర కాదు. ఆరు వారాల జ్వరం, మలేరియా లేదు, తెల్లకణాలు తక్కువవైపు ఉన్నాయి, లింఫోసైట్ల వాటా ఎక్కువ, నడుము నొప్పి, పైగా మేకలు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా ఏమీ చెప్పదు. అన్నీ ఒకేచోట చేరినప్పుడు బ్రూసెల్లా పరీక్ష రాయకపోవడం తప్పవుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గడం ఈ వరుసలో చివరి సాక్షి మాత్రమే.

ఇంకొక ప్రమాదం ఉంది. స్క్రబ్ టైఫస్ అనుమానంతో మేము తరచుగా డాక్సీసైక్లిన్ ఒక వారం ఇస్తాం. అది బ్రూసెల్లా మీదా పనిచేసే మందే గనుక జ్వరం దిగుతుంది, ప్లేట్‌లెట్లు లేస్తాయి. ఇంట్లోవాళ్లు ఆ గొప్పంతా బొప్పాయి ఆకు రసానికి కట్టబెట్టి రోగిని తీసుకుపోతారు. సూక్ష్మజీవి మాత్రం కణాల లోపల అలాగే ఉంటుంది. ఈ జబ్బుకు సాధారణంగా రెండు మందులు కలిపి ఆరు వారాలు వాడాలి: డాక్సీసైక్లిన్‌తో రిఫాంపిసిన్, లేదా డాక్సీసైక్లిన్‌తో మొదటి రెండు మూడు వారాలు స్ట్రెప్టోమైసిన్ సూది. మధ్యలో ఆపితే జ్వరం మళ్లీ తిరగబెడుతుంది. కాబట్టి ప్లేట్‌లెట్లు పెరిగిన రిపోర్టును నయమైందనడానికి రుజువుగా తీసుకోవడం, తగ్గిన రిపోర్టును జబ్బుకు రుజువుగా తీసుకోవడం కన్నా పెద్ద పొరపాటు.

జవాబు: హెమటాలజీ ల్యాబు, కోరాపుట్ జిల్లా

డాక్టరు గారు సంఖ్య గురించి చెప్పారు, నేను పరిమాణం గురించి చెబుతాను. ముందుగా టెక్నీషియన్ గారికి ఒక ప్రశ్న: మీ కాపరుల రక్తం తీసిన ఎంతసేపటికి యంత్రంలోకి వెళుతోంది?

ఇలా అడగడానికి కారణం ఉంది. ఊదారంగు మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏలో పడిన ప్లేట్‌లెట్ తన బిళ్లలాంటి ఆకారం పోగొట్టుకుని గుండ్రంగా ఉబ్బుతుంది. మీ వంటి చిన్న యంత్రాలు సన్నని రంధ్రం గుండా కణం దాటేటప్పుడు విద్యుత్తుకు కలిగే అడ్డును బట్టి దాని పరిమాణాన్ని లెక్కగడతాయి గనుక, ఉబ్బిన ప్లేట్‌లెట్‌ను పెద్ద ప్లేట్‌లెట్‌గానే రాస్తాయి. ఈ ఉబ్బు మొదటి ఒకటి రెండు గంటల్లో వేగంగానూ, ఆ తరువాత నెమ్మదిగానూ సాగుతుంది. పట్టణంలో మనిషి మీ ముందు కూర్చుని చేయి చాపితే పది నిమిషాల్లో ఫలితం వస్తుంది. కొండమీది గూడెంలో పొద్దున్నే తీసిన రక్తం ఆటోలోనో బస్సులోనో మీ దగ్గరకు మధ్యాహ్నం చేరుతుంది. ఈ రెండు ఎం.పి.వి.లనూ పక్కపక్కన పెడితే మీరు పోల్చేది జబ్బులను కాదు, ప్రయాణాలను.

ఇలాంటి కారణాల చేతనే ప్రచురితమైన పరిశోధనలు కూడా ఒకదానితో ఒకటి పొసగవు. ఈ విషయం మీద పని ఎక్కువగా టర్కీలోనూ, తరువాత చైనాలోనూ జరిగింది. పాత రిపోర్టులను తిరగేసి చేసిన అధ్యయనాలే అందులో ఎక్కువ. కొందరికి జబ్బున్నప్పుడు ఎం.పి.వి. తక్కువగా కనిపించింది, కొందరికి ఎక్కువగా, కొందరికి తేడాయే లేదు. యంత్రాలు వేరు, రక్తం తీసిన తరువాత ఆగిన సమయం వేరు. అన్నింటికన్నా నాకు రుచించనిది, చాలా చోట్ల రోగులను పోల్చింది ఆరోగ్యవంతులతో. మీ బల్ల దగ్గరకు ఆరోగ్యవంతుడు రాడు కదా. మలేరియా రోగికీ బ్రూసెల్లా రోగికీ తేడా చెప్పగలిగితేనే ఆ అంకె మీకు ఉపయోగం.

సిద్ధాంతపరంగా చూసినా రెండు దిక్కులూ సాధ్యమే. వాపు తీవ్రంగా ఉన్నప్పుడు పెద్దవీ చురుకైనవీ అయిన ప్లేట్‌లెట్లు వాపున్న చోటికి చేరి ఖర్చయిపోతే, రక్తంలో చిన్నవి మిగిలి ఎం.పి.వి. తగ్గుతుంది. అలా కాక, ప్లేట్‌లెట్లు బయట నాశనమవుతుంటే మజ్జ లేతవీ పెద్దవీ అయిన కొత్త ప్లేట్‌లెట్లను పంపుతుంది, అప్పుడు ఎం.పి.వి. పెరుగుతుంది.

మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. సికిల్ సెల్, తలసీమియా లక్షణాలు, ఇనుము లోపం ఇక్కడ విరివిగా కనిపిస్తాయి. అటువంటి వారి రక్తంలో ఉండే మరీ చిన్న ఎర్రకణాలను, వాటి ముక్కలను, యంత్రం ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టి సంఖ్యనూ, పరిమాణాన్నీ రెంటినీ చెడగొడుతుంది. ఈడీటీఏ వల్ల ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటే సంఖ్య అబద్ధంగా తగ్గుతుంది. అప్పుడు నీలిమూత సైట్రేట్ గొట్టంలో మళ్లీ తీసి, వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. గొట్టం మార్చే ముందు గాజుపలక మీద రక్తపు పూత వేసి చూడండి. నూనె కటకం కింద ఒక్కో క్షేత్రంలో సగటున ఎన్ని ప్లేట్‌లెట్లు కనిపిస్తే అన్ని పదిహేను, ఇరవై వేలని మనం నేర్చుకున్న లెక్క యంత్రాల కాలంలో మూలపడింది గానీ, అది చెడిపోలేదు.

తిరుగు జవాబు: గుణుపురం ల్యాబ్ టెక్నీషియన్

మీరు అడిగిన ప్రశ్నకు సిగ్గుపడుతూనే జవాబు చెబుతున్నాను. ఆ నమూనాలన్నీ ఊళ్లనుండి మధ్యాహ్నం బస్సుకు వచ్చినవే. రక్తం తీసిన వేళ రాసే అలవాటు మాకు లేదు.

నిన్న నా రక్తమే తీసుకుని చూశాను. పది నిమిషాలకు ఎం.పి.వి. 9.1 వచ్చింది, అదే గొట్టం బల్ల మీద ఉంచి నాలుగు గంటల తరువాత పెడితే 10.6. నాకు జ్వరమూ లేదు, మేకలూ లేవు.

ఆ కాపరి గారి పూత పలక అదృష్టవశాత్తూ పారేయలేదు. మళ్లీ చూశాను. గుంపులు ఎక్కడా లేవు, క్షేత్రానికి ఐదు చొప్పున ఉన్నాయి, అంటే 75,000 నుండి లక్ష లోపు. కాబట్టి ఆయన ప్లేట్‌లెట్లు నిజంగానే తగ్గాయి. వాటి పరిమాణం పెరిగిందని మాత్రం ఇప్పుడు చెప్పలేను. ఆయనకు వైద్యం మొదలై నాలుగో వారం నడుస్తోంది. మొన్న ఇక్కడికే వచ్చి రక్తం ఇస్తే ప్లేట్‌లెట్లు 1,86,000 ఉన్నాయి. మొదటి జవాబులో డాక్టరు గారు చెప్పింది విని, మిగిలిన రెండు వారాల మందులు మానవద్దని మరీమరీ చెప్పి పంపాను.

జవాబు: పశువైద్యుడు, పర్లాకిమిడి

మనుషుల వైద్యుల చర్చలోకి ఆలస్యంగా వస్తున్నాను. ఇంత సేపూ అందరూ కాపరి రక్తంలో ఆనవాలు వెతికారు గానీ, ఆయన మందలో ఏం జరిగిందో ఎవరూ అడగలేదు. ఈ జబ్బు మనిషిలో ఎంత మరుగున ఉంటుందో, మందలో అంత బాహాటంగా ఉంటుంది. చూడి మేకలు నెలలు నిండకముందే, ముఖ్యంగా చూడి చివరి నెలల్లో, వరుసగా ఈసుకుపోతాయి. మాయ సరిగా పడదు. పోతుల్లో వృషణాలు వాస్తాయి. ఆ ఏడాది మందలో ఈసుకుపోవడాలు ఎక్కువగా ఉన్నాయా అని ఒక్క మాట అడిగితే, అది మీ యంత్రమిచ్చే అంకెలన్నిటికన్నా బలమైన సాక్ష్యం. అయితే ఒకసారి ఈసుకుపోయిన మేక తరువాతి ఈతలో మామూలుగా ఈని, చూపుకు ఆరోగ్యంగా తిరుగుతూనే పాలలోనూ, ఈనినప్పుడు స్రావాల్లోనూ క్రిమిని వదలగలదు.

మాల్టా దీవిలో జరిగిందీ అదే. 1887లో డేవిడ్ బ్రూస్ అక్కడ చనిపోయిన బ్రిటిషు సైనికుల ప్లీహాల్లో ఈ క్రిమిని కనుక్కున్నాడు గానీ, అది ఎక్కడినుండి వస్తోందో తెలియడానికి 1905 దాకా పట్టింది. థెమిస్టోక్లిస్ జమిత్ అనే వైద్యుడు మేకల రక్తం పరీక్షించే వరకు వాటిని ఎవరూ అనుమానించలేదు, ఎందుకంటే అవి నిక్షేపంగా ఉన్నాయి.

ప్రభుత్వం 2019లో ప్రారంభించిన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో బ్రూసెల్లోసిస్ టీకా నాలుగు నుండి ఎనిమిది నెలల వయసున్న ఆవు, గేదె పెయ్యదూడలకు వేస్తారు. మన కొండల్లో తిరిగేవి ఎక్కువగా మేకలు, అవి ఆ టీకా కిందికి రావు. మనుషుల్లో తీవ్రంగా వచ్చే మెలిటెన్సిస్ అనే బ్రూసెల్లా రకానికి మేకలూ గొర్రెలే ప్రధాన స్థావరం. దీని మీద నాకున్న అసంతృప్తి వేరే చర్చకు వదిలేస్తాను.

ప్రశ్న: కాశీనగర్ సభ్యుడు

మా నాన్న గారికీ మేకలున్నాయి. మా ఇంట్లో పాలు పొంగు రాకుండా ఎవరూ తాగరు. అలాంటి ఇంట్లో భయపడవలసిన అవసరం ఉందా, గురువుగారూ?

జవాబు: పశువైద్యుడు, పర్లాకిమిడి

పాలు కాచి తాగడం మంచి అలవాటే, కాగిన పాలలో ఈ క్రిమి బతకదు. కానీ మీ నాన్న గారు మేక ఈనేటప్పుడు వట్టి చేతులతో పిల్లను లాగుతారా, పడిన మాయను చేత్తో ఎత్తి పొలం గట్టున పారేస్తారా? కాపరులకు ఎక్కువగా అంటుకునేది అక్కడే. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, ఆ స్రావాల తుంపర కంట్లో పడినా చాలు. ప్లాస్టిక్ తొడుగులు వేసుకోమనండి. మాయనూ, ఈసుకుపోయిన పిండాన్నీ సున్నం చల్లి కుక్కలు తవ్వనంత లోతుగా పూడ్చాలి. ఈనిన చోటుకు గర్భిణులను రానివ్వవద్దు.

జవాబు: బరంపురం, జనరల్ మెడిసిన్ వైద్యుడు

పశువైద్యుల మాట మీద ఒక చిన్న హెచ్చరిక చేర్చాలి. ఇది చదివి కాపరులందరికీ రోజ్ బెంగాల్ చేయించవద్దు. ఏళ్ల తరబడి మందలో మెలిగినవారికి జబ్బు లేకపోయినా రక్తంలో యాంటీబాడీలు ఉండవచ్చు. జ్వరమో, కీళ్ల నొప్పో, నడుము నొప్పో ఉండి, యాంటీబాడీల మోతాదును కొలిచే ట్యూబ్ అగ్లూటినేషన్ పరీక్షలో ఆ మోతాదు, అంటే టైటరు, 160 లేదా అంతకు మించి వస్తేనో, రెండు వారాల తేడాతో చేసినప్పుడు నాలుగు రెట్లు పెరిగితేనో దానికి అర్థం ఉంటుంది. వీలైతే మందులు మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చరుకు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు, రక్తం పంపాలి, పంపేటప్పుడు చీటీ మీద బ్రూసెల్లా అనుమానం అని తప్పనిసరిగా రాయాలి. ప్రయోగశాలల్లో పనిచేసేవారికి అక్కడే అంటుకునే బాక్టీరియా జబ్బుల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. తెలియక తెరిచిన కల్చరు పాత్ర వాసన చూసిన సిబ్బంది జబ్బు పడ్డ సందర్భాలున్నాయి.

నడుము నొప్పిని వెన్నెముక క్షయ అనుకుని మందులు మొదలుపెట్టే ముందు కూడా మేకల సంగతి అడగండి. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ ఈ క్రిమి మీద కొంత పనిచేసి రోగికి తాత్కాలికంగా నయమైనట్టు కనిపిస్తే, అసలు జబ్బు పేరు బయటపడడానికి నెలలు పడుతుంది.

తిరుగు జవాబు: గుణుపురం ల్యాబ్ టెక్నీషియన్

అందరికీ కృతజ్ఞతలు. మా కేంద్రం చీటీలో ఇవాళ రెండు గడులు చేర్చాను: రక్తం తీసిన వేళ ఒకటి, మేకలు లేదా పశువులు ఉన్నాయా, ఈ ఏడాది ఈసుకుపోయాయా అనేది ఒకటి. తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చు వేయిస్తున్నాను. సవర భాషలో మేక ఈసుకుపోవడాన్ని ఏమంటారో తెలిసినవారు ఈ వేదికలో ఎవరైనా ఉంటే దయచేసి రాయండి, అది కూడా చేరుస్తాను. రక్తం తీసి రెండు గంటలు దాటిన నమూనాలకు ఎం.పి.వి. గడిని ఇకపై ఖాళీగా వదిలేస్తాం.